బోర్డు మీద ప్యూను చెల్లుతాడా?

ప్రశ్న: సెలవులకు అందరం చేరి, బోర్డు మీద ఇంగ్లీషు అక్షరాల పలకలు పేర్చి మాటలు కట్టే స్క్రాబుల్ ఆడుతున్నాం. మా మేనకోడలు 'పెయోనేస్' (పి, ఇ, ఓ, ఎన్, ఇ, ఎస్) పేర్చి, ప్యూనుకి బహువచనం అంది. చివర ఎస్ ఒక్కటి చాలు కదా, మధ్యలో ఆ ఇ ఎందుకని నేను. రెవెన్యూలో చేసి రిటైరైన మా బావగారేమో, ప్యూను అసలు ఇంగ్లీషు మాటే కాదు, మన 'ప్యాదా'ని (కాలిబంటుని) తెల్లవాళ్లు పాడుచేసుకున్నారు, రెండూ చెల్లవు అని బోర్డు మడిచేశారు. తీర్పు మీరు చెప్పండి.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు బోర్డు మళ్లీ పరవండమ్మా. మేనకోడలి మాట నిక్షేపంగా చెల్లుతుంది. మీరన్న ఎస్ రూపమూ చెల్లుతుంది. నా బల్ల మీదున్న కాలిన్స్ స్క్రాబుల్ పదకోశంలో రెండూ ఉన్నాయి, ఉత్తర అమెరికా ఆటగాళ్ల జాబితాలోనూ ఉన్నాయి. పాయింట్లు పెంచే రంగు గళ్లేవీ తగలకపోతే 8 పాయింట్లు రాసుకోమనండి.

బావగారి అభ్యంతరానికీ కొంత ఆధారం లేకపోలేదు. పాత పెట్టెల్లో వచ్చే నిబంధనల కాగితంలో విదేశీ పదాలుగా గుర్తించినవి పనికిరావని ఉండేది. అయితే ఆ గుర్తింపు నిఘంటువు పని, ఆడేవాళ్లది కాదు. ఎక్కడ పుట్టిందన్నది స్క్రాబుల్‌కి అక్కర్లేదు, జాబితాలో పేరుంటే చాలు. న్యూజిలాండ్‌లో పుట్టిన నైజెల్ రిచర్డ్స్ ఫ్రెంచి మాట్లాడటం రాకుండానే, జాబితా కంఠతా పట్టి 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ పోటీ గెలిచాడు. 2024లో స్పానిష్‌లోనూ అదే పని చేశాడు. అన్నట్టు, అమెరికా టోర్నమెంట్లలో సరైన మాటను తప్పని సవాలు చేసినవాడి వంతు పోతుంది. బోర్డు మడిచేసినవాడికి ఏం శిక్షో మీ ఇంట్లోనే తేల్చుకోండి.

ఇక ప్యాదా సంగతి. ఈ వాదన బావగారితో మొదలైంది కాదు, నూరేళ్ల పైబడినది. ఇండియాలో ఇంగ్లీషువాళ్లు వాడిన మాటలకు 1886లో యూల్, బర్నెల్ దొరలు వేసిన 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువు దీన్ని ఎత్తి చూపి మరీ కొట్టేసింది. ప్యూను పోర్చుగీసు మాట. వాళ్ల 'పియావ్', స్పెయిన్ వాళ్ల 'పెయోన్', ఫ్రెంచివాళ్ల 'పియోన్' అన్నిటికీ మూలం లాటిన్‌లో పాదానికున్న పేరు. కాలినడకన పోయే సిపాయి అని అర్థం. పడమటి తీరంలో పోర్చుగీసువాళ్లు వాడుతున్న మాట 17వ శతాబ్దంలోనే కుంపిణీవాళ్ల రాతల్లోకి ఎక్కింది. సిపాయి పోను పోను ఉత్తరాలు మోసే జవానయ్యాడు, ఆపైన ఆఫీసు గది బయట స్టూలు మీద కూర్చున్నాడు. ఈమధ్య ఆ పేరూ పోయి అటెండరు, ఆఫీస్ సబార్డినేట్ అంటున్నారు.

ప్యాదా పారసీ నుంచి వచ్చింది. అదీ పాదం నుంచి పుట్టిందే, మన పదాతి కూడా. అంటే ఇవన్నీ ఒకే తాతకు మనవలు. ప్యాదా కడుపున ప్యూను పుట్టాడంటేనే తప్పు.

చదరంగంలో ముందు వరసలో నిలబడే 'పాన్' కూడా పాత ఫ్రెంచి మీదుగా వచ్చిన ఇదే లాటిన్ మాట. మనవాళ్లు దాన్ని బంటు అన్నారు. ఆఫీసులో ప్యూనుని బంట్రోతు అన్నారు, అందులోనూ ఆ బంటే ఉన్నాడు. ఎవరూ కూడబలుక్కోకుండా రెండు చోట్లా అదే జంట కుదరడం నాకు భలే ముచ్చట.

మీ అనుమానం మిగిలింది, ఆ ఇ ఎక్కడిదని. అది స్పానిష్ బహువచనం. పోర్చుగీసులో అలా అనరు. మీ బోర్డు మీదికి వచ్చినవాళ్లు తాలూకాఫీసు ప్యూన్లు కారు, మెక్సికో వైపు పొలాల్లో అప్పు తీరేదాకా దొరకు కట్టుబడి చాకిరీ చేసిన కూలీలు. ఆ కట్టుబానిసత్వానికే 'పియోనేజ్' అని పేరు. న్యూమెక్సికోలో సాగుతున్న ఆ పద్ధతిని అమెరికా కాంగ్రెస్ 1867లో చట్టం చేసి నిషేధించింది. మేనకోడలికి ఒక చిట్కా: ప్యూను పక్కన ఎ, జి, ఇ చేరిస్తే ఆ మాటే వస్తుంది. ఏడు పలకలూ ఒకేసారి దింపితే అదనంగా 50. ఒక్క వై తగిలిస్తే 'పియొని' అనే పువ్వు. దానికీ పాదానికీ చుట్టరికం లేదు, గ్రీకు దేవతల వైద్యుడి పేరు మీద వచ్చింది.

ప్రశ్న: మరి 'ఆయా' చెల్లుతుందా?
– ఒక విద్యార్థిని, హన్మకొండ

జవాబు: చెల్లుతుంది. ఎ, వై, ఎ, హెచ్, మొత్తం 10. ఇదీ పోర్చుగీసుదే: పిల్లల్ని చూసుకునే మనిషి. వెనక్కి పోతే లాటిన్‌లో 'అవియా', అంటే అమ్మమ్మ. జీతం లేకుండా మనవల్ని పెంచుతున్నవాళ్లంతా ఈ ఆధారం కోడళ్లకు చూపించుకోవచ్చు.