పాత ట్రేడింగ్ కార్డును టోకెన్‌గా కొంటే కార్డు మనదవుతుందా?

సేకర్తలు కొని అమ్ముకునే 1999 నాటి పోకేమాన్ చారిజార్డ్ బొమ్మ కార్డుకు సంబంధించిన టోకెన్, అంటే డిజిటల్ హక్కుపత్రం, మీ దగ్గర ఉందంటే, ఖజానాలో భద్రంగా ఉన్న ఆ కార్డును కోరినప్పుడు తెప్పించుకునే హక్కు మీకుందని అర్థం. ముందుగా కార్డుల నాణ్యతను అంచనా వేసే పీఎస్ఏ వంటి సంస్థ కార్డు అసలైనదేనని నిర్ధారించి, మూలలు, అంచులు, ఉపరితలం, బొమ్మ నడిమధ్యన ఉన్న తీరు పరిశీలించి, 10 అత్యుత్తమంగా ఉండే కొలమానంలో గ్రేడు వేసి, క్రమసంఖ్యతో ప్లాస్టిక్ పెట్టెలో మూసివేస్తుంది. కోర్ట్‌యార్డ్ అనే సంస్థ అలాంటి కార్డులను బ్రింక్స్ అనే భద్రతా సంస్థ ఖజానాలో దాచి, పాలిగాన్ అనే బ్లాక్‌చెయిన్‌పై (అనేక కంప్యూటర్లలో ఉమ్మడిగా ఉండే డిజిటల్ ఖాతాపుస్తకం) ఒక్కో కార్డుకు ఒక్కో ఎన్ఎఫ్‌టీ, అంటే మరొకటి అలాంటిది లేని టోకెన్, జారీ చేస్తుంది. కార్డు కదలకుండానే యజమానులు మారుతుంటారు. ఎవరైనా కార్డునే కోరితే టోకెన్‌ను రద్దు చేసి కార్డును పంపుతారు.

ఇక్కడే జాగ్రత్త అవసరం. టోకెన్ ఎవరిదో బ్లాక్‌చెయిన్ నిస్సందేహంగా చెబుతుంది గానీ, ఖజానాలో కార్డు నిజంగా ఉందో లేదో అది చెప్పలేదు. 2022లో 1952 నాటి మిక్కీ మాంటిల్ బేస్‌బాల్ కార్డు 1.26 కోట్ల డాలర్లు పలికిందంటే, ఆ విలువ ఆ అట్టముక్కది, దాని చెక్కుచెదరని స్థితిది. కాబట్టి కొనేముందు బీమా ఎవరి పేరిట ఉందో, విడిపించుకునే రుసుము ఎంతో, సంస్థ మూతపడితే కార్డు ఎవరికి చెందుతుందో ఒప్పందంలో చదవండి.