రొయ్య రేటు పడిపోయినా ఏసీ హాలే కావాలంట!

ప్రశ్న: అక్కా నమస్తే, మాది విడవలూరు మండలం. మా ఆయన రొయ్యల గుంటలు లీజుకి తీసుకుని వనామీ రకం రొయ్య వేస్తాడు, మొన్నటిదాకా బాగానే మిగిలింది, ఆ ఊపులో ఈఎంఐలో కారు కూడా తీసుకున్నాం. 2025 ఆగస్టులో అమెరికా వాళ్లు మన సరుకు మీద సుంకం 50 శాతం చేశాక సరిగ్గా మేం పట్టుబడి పట్టే టైముకి రేటు పడిపోయింది, మేత షాపులో బాకీ అట్టానే ఉంది. ఇప్పుడేమో పాప ఓణీల ఫంక్షన్ నెల్లూరులో ఏసీ హాల్లో చేయాలంటాడు, రెండు రూపాయల వడ్డీకి 5 లక్షలు మాట్లాడేశాడు కూడా. ఇంటి దగ్గరే చేద్దామంటే ‘మన పని అయిపోయిందనుకుంటారు’ అంటాడు, చదివింపుల్లో సగం వచ్చేస్తాయంట. నేనే పిసినారిగా మాట్లాడుతున్నానా అక్కా?

- ఓ సోదరి, నెల్లూరు జిల్లా

జవాబు: పిసినారితనం ఏంది చెల్లెమ్మా, ఇంట్లో లెక్క చూసేది నువ్వొక్కదానివే అయినట్టుంది. అయితే మీ ఆయన భయం కూడా ఉత్తిది కాదు. గుంటల మీద బతికేవాళ్లకి రొయ్య పిల్ల, మేత, మందులు అన్నీ అప్పు మీదే నడుస్తాయి కదా, పేరు పోతే మేత బస్తా దిగదు, అందుకే పైకి దర్జాగా కనపడాలనుకుంటాడు. కానీ ఎవరికి చూపించాలని? మేత షాపాయనకి మీ గుంటకి ఎన్ని బస్తాలు పోయినయ్యో, ఏ కౌంట్ (కేజీకి ఎన్ని రొయ్యలు) పట్టారో, ఎంతకి అమ్మారో మీకంటే ముందే తెలుసు. ఆయన బాకీ అట్టానే పెట్టి ఏసీ హాల్లో భోజనం పెడితే, తిని చెయ్యి కడుక్కుని మర్నాడు పొద్దున్నే మీ ఇంటిముందు ఉంటాడు, అప్పుడు పోయేది కదా పరువు!

రెండు రూపాయలంటే 5 లక్షలకి నెలకి 10 వేలు, ఏడాదికి లక్షా 20 వేలు. అసలు అట్టానే ఉంటుంది. పంట చేతికి రావాలంటే మూడు నాలుగు నెలలు, ఈలోపు రొయ్యకి తెల్లమచ్చ రోగం వస్తే ఆ పంటా లేదు.

ఇక చదివింపులు. అది రాబడి కాదమ్మా, వడ్డీ రాయని అప్పు. పుస్తకంలో పేరు పేరునా రాసుకుని వాళ్లింట్లో శుభకార్యమైతే పైన ఇంకొంచెం కలిపి ఇవ్వాల్సిందే. పైగా వచ్చేవాళ్లలో సగం మంది గుంటల వాళ్లే కదా, వాళ్ల రొయ్యకి మాత్రం ఎక్కువ రేటు వచ్చిందా ఏంది? వాళ్లూ ఎవరి దగ్గరో చేబదులు తెచ్చి మీకు చదివిస్తారు, రేపు వాళ్ల పిల్లకి మీకంటే చిన్న హాలు తీసుకోలేక ఇంకో 5 లక్షలు తెస్తారు. మీరు ఇంటిముందు షామియానా వేసి, వంటమాస్టర్ని పెట్టుకుని, నాలుగు కేజీల మలై కాజా తెప్పించి కానిచ్చేస్తే ఆ ఊళ్లో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు లోపల్లోపల ‘హమ్మయ్య’ అనుకుంటారు, రాసిస్తా. (అసలు ఆ ఫంక్షన్ కావాలా అని పాపని ఎవరైనా అడిగారా, అది ఇంకోసారి మాట్లాడుకుందాం.)

బంగారం కొత్తది కొనొద్దు, 2025లోనే 10 గ్రాములు లక్ష దాటింది, పాపకి నీ నగలే వెయ్యి. కారు సంగతి తొందరపడకుండా, ముందు బ్యాంకులో లోన్ మొత్తం కట్టేస్తే ఎంతవుతుందో అడుగు. సెకండ్‌హ్యాండ్ రేటు దానికి సరిపోతే అమ్మేయండి, బ్యాంకు దగ్గర లోన్ తీరిపోయిందని ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 తీసుకుని ఆర్‌సీలో బ్యాంకు పేరు తీయించుకోవాలి. తర్వాతి పంటకి డబ్బు కావాలంటే ఆ రెండు రూపాయల వడ్డీ జోలికి పోకుండా బ్యాంకులో నగల మీద లోన్ అడగండి, చాలా తక్కువ పడుతుంది. కారు మీద ఏమైనా మిగిలితే ఫంక్షన్‌కి పిలవబోయే ముందే మేత షాపులో కట్టి రసీదు తీసుకోమను.