బ్రేకులు ముందు, పవర్ తర్వాత: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం "పవర్ ఎలా పెంచాలి" అనేవే. వాటికీ జవాబుంది, కాకపోతే అట్టడుగున. బండి ఆగడం గురించీ తిరగడం గురించీ అడిగినవాళ్లకే ముందు వరస.

ప్రశ్న: అప్పుడప్పుడూ రెంటల్ కార్టింగ్‌కి (అద్దెకిచ్చే చిన్న రేసు బండ్లు నడపడానికి) వెళ్తుంటాను. అందరివీ ఒకే రకం కార్టులు, నా బరువూ ఎక్కువేం కాదు. అయినా స్నేహితుల కన్నా ల్యాపుకి రెండు సెకన్లు వెనకబడుతున్నాను. మలుపులోకి గట్టిగానే వెళ్తాను. బయటికొచ్చేటప్పుడే ఇంజిన్ ఊపిరాడనట్టు మూలుగుతుంది. ఎందుకలా?

జవాబు: ఆ మూలుగులోనే జవాబుంది. కార్టుకి డిఫరెన్షియల్ (రెండు చక్రాల్నీ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) ఉండదు. వెనక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి కాబట్టి ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపులో చూస్తే లోపలి చక్రం పోవాల్సిన దూరం తక్కువ, బయటి చక్రానిది ఎక్కువ. ఈ పేచీ తీరాలంటే లోపలి వెనక చక్రం కాసేపు నేల వదలాలి. స్టీరింగ్ తిప్పగానే లోపలి ముందు చక్రం కిందికి నొక్కుకుని, దానికి వెనకే ఉన్న చక్రం పైకి లేచేలా ముందు భాగంలో క్యాస్టర్ కోణం (ముందు చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలి ఉండటం) పెట్టేది ఇందుకే.

మీరు స్టీరింగ్‌ని కొంచెం కొంచెంగా, అనుమానంగా తిప్పితే ఆ చక్రం లేవదు. వెనక టైర్లు రెండూ ఒకదాన్నొకటి ఈడ్చుకుంటూ ఇంజిన్‌ని నొక్కేస్తాయి. మలుపు సగం దాటాక కూడా స్టీరింగ్ అలాగే పట్టుకుని ఉంటే ముందు టైర్లు నేలకి రాసుకుంటూ మిగిలిన వేగాన్నీ తినేస్తాయి. రెంటల్ కార్టుల్లో ఎక్కువగా ఉండేవి 200 నుంచి 270 సీసీ ఫోర్ స్ట్రోక్ ఇంజిన్లు. వాటిలో ఉండేదే 6 నుంచి 9 హార్స్‌పవర్. ఒకసారి పోగొట్టుకున్న వేగం తిరిగి రావడానికి మలుపు తర్వాతి నేరు దారి (స్ట్రెయిట్) మొత్తం పడుతుంది.

బ్రేకు పనంతా బండి నిటారుగా ఉన్నప్పుడే ముగించండి. ఈ కార్టులకి బ్రేకు వెనక ఇరుసుకే ఉంటుంది కనుక స్టీరింగ్ తిప్పి గట్టిగా తొక్కితే బండి గిర్రున తిరిగిపోతుంది. పెడల్ వదిలి, ఒకే ఊపులో నిర్ణయంగా తిప్పండి. మలుపు లోపలి అంచు తాకిన క్షణం నుంచి చేతులు వదులుతూ రండి, స్టీరింగ్ తెరుచుకుంటున్నకొద్దీ యాక్సిలరేటర్ నొక్కండి. రెండు పెడళ్లూ ఒకేసారి తొక్కే అలవాటుంటే ఇవాళే మానండి, క్లచ్ కాలుతుంది. ఈసారి వెళ్లినప్పుడు ఐదు ల్యాపులు మీ మామూలు చోటు కన్నా రెండు మూడు మీటర్లు ముందే బ్రేకు వేసి చూడండి. టైము కన్నా ముందు, బయటికొచ్చేటప్పటి ఇంజిన్ గొంతు మారుతుంది. మొదటి రెండు ల్యాపులూ లెక్కలోకి తీసుకోకండి, టైర్లు చల్లగా ఉంటాయి.

ప్రశ్న: రోజూ తిరిగే హ్యాచ్‌బ్యాక్‌తో ట్రాక్ డేకి (సొంత కారుని రేసు ట్రాక్ మీద నడపనిచ్చే రోజుకి) వెళ్లాను. నాలుగో ల్యాపులో బ్రేకు పెడల్ మెత్తబడి నేలదాకా దిగిపోయింది. రెండు మూడుసార్లు పంపు చేస్తే తిరిగొచ్చింది. పెద్ద డిస్కులు, పెద్ద క్యాలిపర్లు (ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగాలు) వేయించమంటున్నారు. వేయించాలా?

జవాబు: ఇప్పుడే వద్దు. పెడల్ మెత్తబడి, పంపు చేస్తే తిరిగొచ్చిందంటే మరిగింది బ్రేకు ఆయిల్. ద్రవం నొక్కుకోదు, ఆవిరి నొక్కుకుంటుంది. మీ కాలు ఆ ఆవిరి బుడగల్ని నొక్కుతోందే తప్ప ప్యాడ్లని కాదు. అదే పెడల్ రాయిలా గట్టిగా ఉండి, మాడు వాసన వస్తూ, బండి మాత్రం ఆగకపోతే తప్పు ప్యాడ్లది. ఈ రెండింటికీ మందులు వేరు.

బ్రేకు ఆయిల్ రకాల్లో ఒకటైన డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. అది గాలిలోని తేమని పీల్చుకుంటుంది. 3.7 శాతం నీరు చేరాక నిలబడాల్సిన కనీస హద్దు 155 డిగ్రీలే. డాట్ 3కి ఈ అంకెలు 205, 140. డాట్ 5.1కి 260, 180. రెండేళ్లు దాటిన ఆయిల్‌తో ట్రాక్ ఎక్కితే జరిగేది మీకు జరిగిందే. పేరులో 5 ఉందని డాట్ 5 మాత్రం కొనకండి. అది సిలికాన్ ఆయిల్, మిగతావాటితో కలవదు.

పూర్తిగా మార్చడానికి ఒక లీటరు తెచ్చుకోండి. రిజర్వాయర్‌లోని పాతదంతా సిరంజితో లాగేసి కొత్తది నింపాలి. ఒకరు పెడల్ దగ్గర, ఒకరు చక్రం దగ్గర. చక్రం దగ్గర ఆయిల్ బయటికి వదిలే బ్లీడ్ నిపుల్‌కి పారదర్శకమైన గొట్టం తొడిగి, రెండో కొస సీసాలోని ఆయిల్‌లో ముంచండి. పెడల్ తొక్కగానే నిపుల్ పావు చుట్టు వదులు చేయాలి, కాలు తీసేలోపే బిగించాలి. రంగు మారి, బుడగలు ఆగేదాకా ఇదే వరస. ఏ చక్రంతో మొదలుపెట్టాలో మీ కారు మాన్యువల్ చూడండి, అన్నిటికీ ఒకటే క్రమం కాదు.

ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతొకటి. పాత బండిలో పెడల్‌ని నేలదాకా తొక్కితే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు సీలు, ఎప్పుడూ వెళ్లని తుప్పు భాగంలోకి వెళ్లి చిరుగుతుంది. పెడల్ కింద చెక్క ముక్క పెట్టి ఆ ప్రయాణాన్ని ఆపండి. రిజర్వాయర్ ఎండి ఏబీఎస్ యూనిట్‌లోకి గాలి పోయిందంటే స్కానర్ ఉన్న మెకానిక్ దగ్గరికి వెళ్లక తప్పదు. పెయింట్ మీద ఆయిల్ పడితే తుడవకండి, నీళ్లు పోసి కడగండి.

ప్యాడ్లు సగానికి పైగా అరిగి ఉంటే అవీ మార్చండి. పలచబడ్డ ప్యాడు వేడిని నేరుగా ఆయిల్‌కి చేరవేస్తుంది. కొత్తవి వేశాక, ఖాళీగా ఉన్న సురక్షితమైన చోట గంటకు 100 కిలోమీటర్ల నుంచి 30కి దించడం ఎనిమిది పదిసార్లు చేయండి, పూర్తిగా ఆపకుండా. తర్వాత కొన్ని కిలోమీటర్లు బ్రేకు వేయకుండా నడిపి చల్లార్చండి. వేడి మీద పెడల్ నొక్కిపట్టి ఆపితే ప్యాడు పదార్థం డిస్కుకి ఓ మచ్చలా అంటుకుంటుంది. "డిస్కు వంకరపోయింది" అని ఫిర్యాదు చేసే వణుకు చాలాసార్లు ఆ మచ్చే. ట్రాక్ మీద కూడా ఇదే నియమం. ఆఖరి ల్యాపు మెల్లగా తిరిగి రండి, హ్యాండ్ బ్రేకు లాగకుండా గేరులో వదిలి చక్రానికి అడ్డు పెట్టండి.

ఇంత చేశాక కూడా మరిగితే అప్పుడు పెద్ద డిస్కుల గురించి మాట్లాడుకుందాం.

ప్రశ్న: సొంత 125 సీసీ టూ స్ట్రోక్ కార్టు ఉంది. పొద్దున బాగానే ఉంటుంది. మధ్యాహ్నానికి మలుపుల్లో వెనక భాగం టకటకా ఎగురుతోంది. గ్రిప్ తగ్గినట్టా?

జవాబు: తగ్గలేదు, ఎక్కువైంది. రోజంతా తిరిగిన టైర్ల రబ్బరు ట్రాక్‌కి అంటుకుని పట్టు పెరుగుతుంది. బయటి వెనక టైరు పట్టుకోవడం, వదలడం, మళ్లీ పట్టుకోవడం, అదే మీకు ఎగురుడుగా తెలుస్తోంది.

సెటప్ ముట్టుకునే ముందు బేరింగుల స్క్రూలు వదులయ్యాయేమో, ఇరుసు వంగిందేమో చూడండి. వెనక భాగాన్ని స్టాండు మీద పెట్టి ఇరుసు తిప్పితే చక్రం అంచు ఊగడం కంటికి కనిపిస్తుంది. అవి సరిగ్గా ఉంటే వెనక చక్రాల వెడల్పు ఒక్కో వైపు 5 మి.మీ. పెంచండి. మొత్తం వెడల్పు 1,400 మి.మీ. దాటకూడదన్నది అంతర్జాతీయ నియమం. చాలకపోతే ముందు చక్రాల వెడల్పు ఒక్కో వైపు ఒక్కో స్పేసరు (చక్రాన్ని బయటికి జరిపే రింగు) చొప్పున తగ్గించండి, అప్పుడు లోపలి చక్రం లేచే ఎత్తు తగ్గుతుంది. సీటుకి అదనపు ఊతకడ్డీలు బిగించి ఉంటే వాటిని తీసి చూడటం మూడో మెట్టు. టైరు గాలి ఒక పీఎస్ఐ తగ్గించి మొదలుపెట్టడం కూడా పనికొస్తుంది. ఒకసారికి ఒకటే మార్పు, దాని మీద కనీసం ఐదు ల్యాపులు, కాగితం మీద రాత. మూడు ఒకేసారి మార్చేస్తే బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు.

ప్రశ్న: మొట్టమొదటి కార్టు ఎవరు తయారుచేశారు?

జవాబు: ఆర్ట్ ఇంగెల్స్, 1956లో, కాలిఫోర్నియాలో. రేసు కార్లు కట్టే కర్టిస్ క్రాఫ్ట్‌లో పనిచేసేవాడు. పచ్చిక కోసే యంత్రాల వెస్ట్ బెండ్ ఇంజిన్‌ని గొట్టాల చట్రానికి బిగించాడు. 1962లో అంతర్జాతీయ మోటారు క్రీడల సమాఖ్య ఎఫ్ఐఏ కార్టింగ్‌కి ప్రత్యేక కమిషన్ ఏర్పాటు చేసింది, 1964లో తొలి ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగింది.

ప్రశ్న: నా కారుకి కంపెనీ ఇచ్చినవి 6జె, ఈటీ 45 రిమ్ములు, 185/65 ఆర్15 టైర్లు. 17 అంగుళాల 7.5జె, ఈటీ 35 అల్లాయ్‌లు నచ్చాయి. పడతాయా?

జవాబు: బిగుస్తాయి. పడతాయా అన్నది లెక్క వేస్తే తెలుస్తుంది. జె ముందున్న అంకె రిమ్ము వెడల్పు, అంగుళాల్లో. ఈటీ అంటే ఆఫ్‌సెట్, రిమ్ము నడిమి గీతకీ హబ్‌కి ఆనే ముఖానికీ మధ్య దూరం, మి.మీ.లో. రిమ్ము అంగుళంన్నర వెడల్పయింది, అంటే రెండు పక్కలా 19 మి.మీ. చొప్పున. ఆఫ్‌సెట్ 10 తగ్గింది కాబట్టి చక్రం అంత మేర బయటికి జరుగుతుంది. మొత్తం మీద బయటి అంచు 29 మి.మీ. బయటికి, లోపలి అంచు 9 మి.మీ. లోపలికి. బయట ఫెండర్‌కి, లోపల షాక్ అబ్జార్బర్‌కి అంత ఖాళీ ఉందో లేదో స్టీరింగ్ ఆ కొస నుంచి ఈ కొసకి తిప్పి, వెనక సీట్లో మనుషుల్ని కూర్చోబెట్టి కొలవండి. చక్రం బయటికి జరిగినకొద్దీ గతుకుల్లో స్టీరింగ్ చేతిని లాగుతుంది, హబ్ బేరింగు త్వరగా అరుగుతుంది.

టైరు సంగతి. దాని మీద మొదటి అంకె వెడల్పు మి.మీ.లో, రెండోది గోడ ఎత్తు ఆ వెడల్పులో ఎంత శాతమో, ఆర్ తర్వాతది రిమ్ము అంగుళాలు. మీ పాత టైరు ఎత్తు 621 మి.మీ. 205/45 ఆర్17 వేస్తే 616, తేడా ఒక శాతం లోపే. 205/50 ఆర్17 అంటే 637, స్పీడోమీటరు చూపించే దానికన్నా బండి వేగంగా పోతుంది. 205/45లో గోడ ఎత్తు 92 మి.మీ., మీ పాతదాంట్లో 120. గుంతలో పడినప్పుడు రిమ్ముని కాపాడేది ఆ తేడాయే. మా ఓటు 16 అంగుళాల 6.5జె రిమ్ముకి, 195/55 ఆర్16 టైరుకి. ఎత్తు 621, అక్షరాలా అదే.

పీసీడీ (బోల్టు రంధ్రాల వలయం వ్యాసం) ఒక్కటి కలిస్తే చాలనుకోకండి. మధ్య రంధ్రం హబ్ కన్నా పెద్దదైతే రింగు వేయాలి, లేకపోతే గంటకు 80, 100 కిలోమీటర్ల దగ్గర వణుకు వస్తుంది. నట్టు ముఖం శంకువు ఆకారమా, గుండ్రనా అన్నది రిమ్ముకి సరిపోవాలి. 12 మి.మీ. స్టడ్డు, మర దూరం 1.5 మి.మీ. అయితే నట్టు కనీసం ఎనిమిది చుట్లు ఎక్కాలి. మాన్యువల్‌లోని టార్క్‌కి (బిగింపు బలానికి) బిగించి, 50 నుంచి 100 కిలోమీటర్ల తర్వాత మళ్లీ టార్క్ రెంచి పెట్టండి.

ప్రశ్న: స్ప్రింగు ఒక చుట్టు కోసేస్తే కారు కిందికి దిగుతుంది, ఖర్చూ లేదు అంటున్నారు.

జవాబు: దిగుతుంది, అక్కడే ఆగదు. ఆరు చుట్ల స్ప్రింగులో ఒకటి కోస్తే గట్టిదనం 20 శాతం పెరుగుతుంది, షాక్ అబ్జార్బర్ మాత్రం పాతదే. చక్రం గాల్లోకి లేచినప్పుడు పొట్టి స్ప్రింగు గూటిలోంచి జారిపోవచ్చు. గ్యాస్ మంటతో కోస్తే ఆ చివర ఉక్కు పదును పోయి తర్వాత విరుగుతుంది. 25, 30 మి.మీ. దించే తయారీ స్ప్రింగులు, వాటికి తగ్గ షాకర్లు కలిపి వేయించండి. లోయర్ ఆర్మ్ (చక్రాన్ని చట్రానికి కలిపే కింది కడ్డీ) రబ్బరు బుష్ బోల్టుల్ని కారు నేల మీద తన బరువుతో నిలబడ్డాకే ఆఖరి బిగింపు బిగించమని మెకానిక్‌కి గట్టిగా చెప్పండి. జాక్ మీద ఉండగా బిగిస్తే రబ్బరు మెలితిరిగిపోయి కొన్ని నెలల్లో చిరుగుతుంది. తర్వాత వీల్ అలైన్‌మెంట్, హెడ్‌లైటు ఎత్తు.

ప్రశ్న: మోటార్ సైకిల్ హెల్మెట్‌తో ట్రాక్ డేకి రావచ్చా? నాలుగు పాయింట్ల హార్నెస్ (రేసు కార్ల సీటు బెల్టు) కూడా వేయిద్దామనుకుంటున్నాను.

జవాబు: హెల్మెట్లని పరీక్షించే స్నెల్ సంస్థ గుర్తుల్లో ఎం మోటార్ సైకిల్‌కి, ఎస్ఏ కార్లకి, కె కార్టింగ్‌కి. ఎస్ఏ హెల్మెట్ లోపలి గుడ్డ మంటని తట్టుకునేలా పరీక్షిస్తారు, మిగతా రెండింటికీ ఆ పరీక్ష లేదు. కార్టుకి కె చాలు, కారుకి ఎస్ఏ తీసుకోండి. గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్ పైకి బాగానే ఉన్నా పక్కన పెట్టేయండి.

రోడ్డు కారులో హార్నెస్ ఒక్కటే వేయించడం వద్దు. కారు బోల్తా పడి పైకప్పు నలిగితే కంపెనీ బెల్టు మనిషిని పక్కకి ఒరగనిస్తుంది, హార్నెస్ నిటారుగా పట్టి ఉంచుతుంది. కాళ్ల మధ్య పట్టీ లేని నాలుగు పాయింట్ల రకంలో నడుము పట్టీ పొట్ట మీదికి పాకుతుంది. పోనీ కేజ్ (కారు లోపలి ఇనుప గొట్టాల పంజరం) కూడా వేయిద్దామంటే, హెల్మెట్ లేకుండా రోడ్డు మీద నడిపేటప్పుడు ఆ ఇనుప గొట్టానికే తల కొట్టుకుంటుంది. కేజ్, హార్నెస్, సీటు, హెల్మెట్ ఒకే మూట, పూర్తి ట్రాక్ కారుకే.

ప్రశ్న: టర్బో లేని 1.2 లీటర్ పెట్రోల్ ఇంజిన్. కోన్ ఫిల్టరు, పెద్ద సైలెన్సరు, రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) కలిపితే ఎంత పవర్ వస్తుంది?

జవాబు: శబ్దం బోలెడు, పవర్ కొంచెం. బానెట్ కింద విప్పారిన కోన్ ఫిల్టరు రేడియేటరు వెనక ఉన్న వేడి గాలినే పీలుస్తుంది. గాలి 3 డిగ్రీలు వేడెక్కితే సాంద్రత సుమారు ఒక శాతం తగ్గుతుంది. 20 డిగ్రీలు వేడెక్కితే ఎంత పోతుందో మీరే లెక్కేసుకోండి. కంపెనీ ఫిల్టరు డబ్బా బంపరు వెనకనుంచి చల్లగాలి తెచ్చుకుంటుంది, దాన్ని ఉంచి ఫిల్టరు మాత్రం కొత్తది వేయండి. నూనె పూసే రకమైతే నూనె ఎక్కువై గాలి కొలిచే సెన్సార్‌కి అంటుకుంటుంది, జాగ్రత్త. టర్బో లేని ఇంజిన్‌కి రీమ్యాప్ మామూలుగా 5 నుంచి 10 శాతం మించి ఇవ్వదు.

టర్బో ఉన్నవాళ్ల కథ వేరు. 20, 30 శాతం దాకా రావచ్చు. అప్పుడు మొదట చేతులెత్తేసేది క్లచ్. పరీక్ష సులువు: నాలుగో గేరులో 2,000 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కండి. ఆర్‌పీఎం ముల్లు పైకి దూకి, వేగం అక్కడే ఉంటే క్లచ్ జారుతోంది. మ్యాప్ వేయించడానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చేసి చూడండి. ముందే జారుతుంటే డబ్బు మ్యాప్ మీద కాదు, క్లచ్ మీద పెట్టండి.