హార్డ్‌వేర్ పని మారుతున్నప్పుడు అప్పు ఎంత, ఎన్నేళ్లకు?

ప్రశ్న: నాకు 41 సంవత్సరాలు. పాలకొల్లులో 2006 నుంచి కంప్యూటర్ సర్వీసు షాపు నడుపుతున్నాను. ఆదాయం తగ్గుతూ వచ్చి, షాపు ఖర్చులు పోగా నెలకు 46 వేలు మిగులుతున్నాయి. ఇంటి ఖర్చు 28 వేలు. రెండున్నర లక్షల డిపాజిట్ ఉంది, బీమా ఏదీ లేదు. మెయిన్ రోడ్డులో పెద్ద షాపు తీసుకుని, సీసీ కెమెరాలు, ఇన్వర్టర్లు అమ్ముతూ చిప్ లెవల్ రిపేరు (బోర్డు మొత్తం మార్చకుండా, దాని మీద పాడైన చిన్న భాగాన్నే మార్చే పని) కూడా మొదలుపెట్టాలని ఉంది. 9 లక్షలు కావాలి. నాన్నగారు ఇచ్చిన 40 సెంట్ల కొబ్బరితోట అమ్మాలా, 12 శాతం వడ్డీకి ఐదేళ్ల అప్పు తీసుకోవాలా?

జవాబు: తోట అమ్మవద్దు, 9 లక్షల అప్పూ చేయవద్దు. డబ్బు ఎక్కడి నుంచి తేవాలన్న ప్రశ్నకు ముందు, ఆ డబ్బుతో మొదలుపెట్టే పని ఎన్నేళ్లు కూడు పెడుతుందో తేల్చుకోవాలి.

మీరు షాపు తెరిచిన రోజుల్లో పిక్చర్ ట్యూబు మానిటర్లకు ఎల్‌ఓటీ (ట్యూబుకు హై వోల్టేజి ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్) మార్చడం, ఎస్‌ఎంపీఎస్‌లలో (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టెల్లో) ఉబ్బిన కెపాసిటర్లు తీసి కొత్తవి వేయడం, విడిభాగాలు తెచ్చి డెస్క్‌టాప్‌లు అసెంబుల్ చేయడం ఈ వృత్తికి ఆధారం. ఆ మానిటర్లు పోయాయి. తొలినాళ్ల ల్యాప్‌టాప్‌లలో ర్యామ్, హార్డ్ డిస్క్ విప్పి మార్చే వీలుండేది కాని, ఇప్పటి పలుచని మోడళ్లు చాలావాటిలో ర్యామ్ బోర్డు మీదే అతికి వస్తోంది. తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీ స్టోరేజీలు వచ్చాక హార్డ్ డిస్క్ పాడై షాపుకు వచ్చేవారూ తగ్గారు. మీ ఆదాయం తగ్గడానికి మీ పనితనంలో లోపం కారణం కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఈ రంగంలో ఒక నైపుణ్యం మీద బతికే కాలం తక్కువ.

పెద్ద కర్మాగారాల్లో పనిచేసేవారికీ ఇది తప్పలేదు. తమిళనాడులోని శ్రీపెరుంబుదూరులో నోకియా ఫోన్ల కర్మాగారం 2006లో మొదలై 2014 నవంబరులో మూతపడింది. ఆ ఉద్యోగాన్ని నమ్ముకుని ఇరవై ఏళ్ల గృహరుణం తీసుకున్న మనిషి పరిస్థితి ఎలా ఉంటుందో ఊహించండి. ఆ ప్రాంతంలో ఎలక్ట్రానిక్స్ తయారీ తరువాత మళ్లీ పుంజుకున్నా, మధ్యలో గడిచిన సంవత్సరాల వాయిదాలను ఏ బ్యాంకూ మాఫీ చేయదు కదా! అందుకే హార్డ్‌వేర్ పని మీద బతికేవారికి నేనొక హద్దు చెబుతాను: కొన్న పరికరం ఎన్నేళ్లు సంపాదించిపెడుతుందని మీరు నమ్ముతున్నారో, అందులో సగం కాలానికి మించి అప్పు ఉండకూడదు.

మీ లెక్కకు వద్దాం. 9 లక్షలకు 12 శాతం వడ్డీతో ఐదేళ్ల వాయిదా నెలకు సుమారు 20,020 రూపాయలు అవుతుంది. ఇంటి ఖర్చు పోగా మీ చేతిలో మిగిలేది 18 వేలు. పెద్ద షాపుకు పెరిగే అద్దె, అడ్వాన్సు, అమ్ముడుపోని కెమెరాల మీద ఆగిపోయే పెట్టుబడి ఇంకా ఇందులో కలపలేదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ముగియడం వల్ల పాత యంత్రాలు మార్చుకునేవారి గిరాకీ కొంత వచ్చే మాట నిజమే. కాని ఆ యంత్రాలు మారిపోగానే అది తగ్గుతుంది, దాన్ని నమ్మి ఐదేళ్ల వాయిదా తలకెత్తుకోకూడదు.

తోట సంగతి వేరు. రెండు నెలలకోసారి కొబ్బరికాయల దింపు మీద వచ్చే డబ్బును మీరు ఆదాయంలో చూపనే లేదు. అది చిన్న మొత్తమే కావచ్చు కాని, మీ ఇంట్లో టెక్నాలజీతో సంబంధం లేకుండా వచ్చే ఆదాయం అదొక్కటే, పైగా ఒకసారి అమ్మిన కొబ్బరితోటను ఈ డెల్టాలో మళ్లీ కొనడం మీ సంపాదనకు సాధ్యం కాదు.

మీరు జతచేసిన వివరాల్లో నన్ను ఆకట్టుకున్నది మరొకటి ఉంది. 46 వేలలో 12 వేలు అమ్మకాల మీద, 20 వేలు విడి రిపేర్ల మీద వస్తుంటే, రైసు మిల్లులు, ఆసుపత్రులు, పాఠశాలలతో ఉన్న ఏడాది ఒప్పందాల మీద 14 వేలు వస్తున్నాయి. పెంచవలసింది ఈ మూడోదాన్నే. మిల్లుల్లో సార్టెక్స్ యంత్రాలు (రంగు మారిన బియ్యపు గింజలను ఏరేవి), వేబ్రిడ్జి కాటాలు ఉన్నాయి, రొయ్యల చెరువుల గట్ల మీద ఏరేటర్ల (నీటికి గాలి అందించే యంత్రాల) కంట్రోల్ ప్యానెళ్లు, కెమెరాలు ఉన్నాయి. తవుడు ధూళికీ, నరసాపురం వైపు నుంచి వచ్చే ఉప్పు గాలికీ బోర్డుల మీద రాగి ట్రాకులు పచ్చబడి తెగిపోతుంటాయి. సీజను మధ్యలో సార్టెక్స్ ఆగితే కంపెనీ మనిషి వచ్చేదాకా మిల్లు యజమాని ఆగలేడు. చిప్ లెవల్ పని నేర్చుకోవాలన్న మీ ఆలోచనకు నిజమైన విలువ అక్కడ ఉంది. వారంటీలో ఉన్న యంత్రాలను మాత్రం ముట్టుకోవద్దు.

అందువల్ల ఉన్న షాపులోనే ఉండి, శిక్షణకూ, రీవర్క్ స్టేషన్ (బోర్డు మీది చిప్‌లను వేడితో ఊడదీసి అతికే పరికరం) వంటి వాటికీ కలిపి 3 లక్షలతో మొదలుపెట్టండి. చిన్న వ్యాపారాలకు రుణాలిచ్చే కేంద్ర ప్రభుత్వ ముద్రా పథకంలో కిశోర్ విభాగం కింద 50 వేలకు పైన 5 లక్షల వరకు తాకట్టు లేకుండా రుణం ఇస్తారు. 12 శాతం వడ్డీ అనుకుంటే మూడేళ్ల వాయిదా నెలకు 9,964 రూపాయలు, మొత్తం వడ్డీ 59 వేల లోపే. మీ చేతిలోని 18 వేలలో ఈ వాయిదా పోగా మిగిలిన 8 వేలలో 3 వేలు రికరింగ్ డిపాజిట్‌లో వేసి, రాబోయే పరికరానికో శిక్షణకో తప్ప తీయకండి. మిగతా 5 వేలు పీపీఎఫ్‌లో (ప్రభుత్వ ప్రజా భవిష్యనిధి ఖాతాలో) వేయండి. సొంత షాపువారికి యజమాని కట్టే భవిష్యనిధి ఉండదు గనుక ఇది తప్పనిసరి. ప్రభుత్వం మూడు నెలలకోసారి సమీక్షించే వడ్డీ 7.1 శాతం దగ్గరే కొనసాగితే, పదిహేనేళ్లకు సుమారు 15.7 లక్షలు చేతికొస్తాయి.

డిపాజిట్‌లో ఆరు నెలల ఇంటి ఖర్చుకు సరిపడే 1.68 లక్షలు కదపకండి. మిగిలిన 82 వేల నుంచి కుటుంబానికి ఆరోగ్య బీమా, మీ పేరున టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే కుటుంబానికి డబ్బు ఇచ్చే జీవిత బీమా) ఈ నెలలోనే తీసుకోండి, రుణానికి దరఖాస్తు ఆ తరువాత పెట్టండి. ఏడాది తిరిగేసరికి ఒప్పందాల ఆదాయం 14 వేల నుంచి 22 వేలకు చేరితే, పెద్ద షాపు విషయం అప్పటి అద్దెలతో మళ్లీ లెక్క వేద్దాం. చేరకపోతే ఉన్నచోటే కొనసాగి, ముందుగా ఈ 3 లక్షలు తీర్చేయండి.