పని చెబితే "ఎంతిస్తావు?" అంటున్న బాబు: సమాధానం

నమస్కారమండీ. పదేళ్ల మీ బాబు ఏ పని చెప్పినా "ఎంతిస్తావు?" అని అడుగుతున్నాడనీ, లెక్క కాస్త కష్టమనిపిస్తే పుస్తకం మూసేస్తున్నాడనీ రాశారు. దీన్ని సోమరితనం అనుకోకండి. పనికి వెలకట్టడం పెద్దవాళ్లు చేసిన అలవాటే.

1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు, బొమ్మలు వేయడమంటే ఇష్టమున్న చిన్నపిల్లల్లో కొందరికి బహుమతి ఇస్తామని ముందే చెప్పి బొమ్మలు వేయించారు. ఆ తరువాత బహుమతి ప్రసక్తి లేనప్పుడు వీరిలో ఆసక్తి బాగా తగ్గింది. అనుకోకుండా బహుమతి అందుకున్నవారిలో మాత్రం తగ్గలేదు. కాబట్టి ఇంటి పనులకు డబ్బివ్వడం ఆపండి, అయితే "ఇది మనందరి ఇల్లు, అందరం చేసుకుందాం" అని కూర్చోబెట్టి చెప్పిన తరువాతే ఆపండి. కొన్నాళ్లు అలుగుతాడు, అలగనివ్వండి.

చదువు సంగతికొస్తే, 1998లో ముల్లర్, డ్వెక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు జరిపిన ప్రయోగాల్లో, తెలివైనవారని మెప్పు పొందిన పిల్లలు కఠినమైన సమస్యల్లో తప్పాక వెనకడుగు వేశారు. కష్టపడ్డారని మెప్పు పొందినవారు పట్టుదలగా కొనసాగారు. అందుకే "ఎంత తెలివో!" అనకుండా, "మొదటి పద్ధతి కుదరకపోతే రెండోది ప్రయత్నించావు" అని చూసింది చూసినట్టు చెప్పండి.

ఒక్క మాట మనస్ఫూర్తిగా చెబుతాను: వాడు దుప్పటి మడతపెడుతుంటే అంచులు కలవలేదని చేతిలోంచి తీసుకుని సర్దేయకండి. మూల ఎక్కడ తప్పిందో వాడే చూసుకుని, విప్పి మళ్లీ మడిచేదాకా పక్కనే ఓపిగ్గా నిలబడండి.