రిపోర్టులన్నీ నార్మల్... మరి ఈ బాధలెందుకు?

ప్రశ్న: నా వయసు 41 ఏళ్లు. ఉద్యోగంలో బాధ్యతలు పెరిగినప్పటి నుంచి, అంటే ఎనిమిది నెలలుగా తలనొప్పి, మెడ పట్టేయడం, కడుపు ఉబ్బరంతో బాధపడుతున్నాను. ఆఫీసుకు బయల్దేరేలోపు రెండు మూడుసార్లు విరేచనానికి వెళ్లాల్సి వస్తోంది. తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ వచ్చి గుండె దడదడలాడుతోంది. జుట్టు కూడా బాగా రాలుతోంది. రక్తపరీక్షలు, థైరాయిడ్, ఈసీజీ అన్నీ నార్మల్. ‘ఏమీ లేదు, టెన్షన్ తగ్గించుకోండి’ అన్నారు డాక్టర్. ఇంట్లోవాళ్లు ఇదంతా నా భ్రమ అంటున్నారు. ఒత్తిడితో ఇన్ని బాధలు వస్తాయా? గుండెకేమైనా ముప్పుందా? మందులు వాడాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీది భ్రమ కాదు. పరీక్షలు నార్మల్‌గా ఉన్నాయంటే, అవి పట్టుకోగల జబ్బులేవీ మీకు లేవని అర్థమే తప్ప, మీ అవయవాలు పనిచేసే తీరులో తేడా రాలేదని కాదు. ‘ఏమీ లేదు’ అని చెప్పి పంపించడం సగం వైద్యమేనని నా అభిప్రాయం.

మెదడు ఒక పరిస్థితిని ముప్పుగా భావించగానే నరాల ద్వారా వెళ్లే ఆదేశాలతో సెకన్లలోనే అడ్రినలిన్ అనే హార్మోన్ విడుదలై గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి, కండరాలు బిగుసుకుంటాయి. దాని వెనకే మెదడులోని హైపోథాలమస్ అనే భాగం, దాని కింద ఉండే పిట్యూటరీ గ్రంథి, మూత్రపిండాలపై ఉండే అడ్రినల్ గ్రంథులు ఒకదాని తర్వాత ఒకటి స్పందించి, కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్‌ను విడుదల చేస్తాయి. ఎదురుగా వచ్చిన ప్రమాదం నుంచి తప్పించుకోవడానికి ఇది చక్కని ఏర్పాటే. కానీ పని ఒత్తిడి అలా వచ్చి ఇలా పోయేది కాదు కాబట్టి, కాసేపు ఉండాల్సిన ఈ స్థితి నెలల తరబడి కొనసాగుతుంది.

మీ కడుపు విషయమే తీసుకోండి. ఒత్తిడి సమయంలో మెదడు నుంచి వెలువడే రసాయన సంకేతాల వల్ల జీర్ణాశయం ఖాళీ అయ్యే వేగం తగ్గుతుంది, అదే సమయంలో పెద్దపేగు కదలికలు పెరుగుతాయి. అందుకే కాస్త తిన్నా ఉబ్బరంగా ఉండటం, ఆ వెంటనే విరేచనానికి పరుగెత్తాల్సి రావడం రెండూ ఒకే మనిషిలో కనిపిస్తాయి. పేగుల నరాలు కూడా సున్నితంగా మారడంతో, మామూలుగా తెలియని గ్యాస్ కదలిక సైతం నొప్పిగా అనిపిస్తుంది. సెలవు రోజుల్లో ఈ బాధ తగ్గుతోందా అన్నది గమనించి మీ డాక్టరుకు చెప్పండి. చాలా పరీక్షలకన్నా ఆ ఒక్క సమాచారం ఎక్కువ ఉపయోగపడుతుంది.

కార్టిసాల్ సహజంగానే రాత్రి రెండో సగంలో పెరగడం మొదలై, నిద్ర లేచిన అరగంట, ముప్పావుగంటకు గరిష్ఠ స్థాయికి చేరుతుంది. ఆ వేళ నిద్ర ఎలాగూ పలచగానే ఉంటుంది. మనసులో ఆందోళన ఉన్నవారికి అప్పుడే మెలకువ వచ్చి, రాబోయే రోజు గురించిన ఆలోచనలు మొదలవుతాయి. నిద్ర లేవగానే దవడ బిగుసుకుపోయి, కణతలు నొప్పిగా ఉంటే నిద్రలో పళ్లు కొరుకుతున్నారేమో దంతవైద్యుడికి చూపించండి. తలనొప్పికి మామూలు నొప్పి మాత్రలను నెలలో 15 రోజులు, అంతకు మించి వాడుతుంటే ఆ మాత్రలే తలనొప్పిని పెంచుతాయి. జుట్టు సాధారణంగా ఒత్తిడి మొదలైన రెండు మూడు నెలలకు రాలుతుంది, కారణం తగ్గాక చాలావరకు తిరిగి వస్తుంది. అయితే ఐరన్ నిల్వలను తెలిపే ఫెరిటిన్ పరీక్ష చేయించకపోతే చేయించండి.

గుండె గురించి భయపడాల్సిన పని లేదు గానీ పట్టించుకోకుండా ఉండటమూ సరికాదు. దీర్ఘకాలిక ఒత్తిడి గుండెజబ్బు ముప్పును కొంత పెంచుతుంది. రక్తపోటు, నిద్రలేమి, వ్యాయామం మానేయడం, పొగ తాగడం వంటివి తోడైతే ఆ ముప్పు ఇంకా పెరుగుతుంది. నడిచినప్పుడు, మెట్లెక్కినప్పుడు ఛాతీలో బరువు, ఆయాసం, చెమటలు వస్తే మాత్రం ఒత్తిడేనని సరిపెట్టుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మలంలో రక్తం పడినా, కారణం లేకుండా బరువు తగ్గినా, విరేచనాల కోసం రాత్రి నిద్రలోంచి లేవాల్సి వచ్చినా తిరిగి పరీక్షలు అవసరం.

మీరు రాయని సంగతి ఒకటుంది: మనసెలా ఉంది? రెండు వారాలకు పైగా దాదాపు రోజంతా దిగులుగా ఉన్నా, ఇష్టమైన పనులపైనా ఆసక్తి పోయినా అది డిప్రెషన్ కావచ్చు. తెల్లవారుజామునే మెలకువ రావడం దాని లక్షణాల్లోనూ ఒకటి. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఆ రోజే ఎవరికైనా చెప్పి, వైద్యసాయం తీసుకోవాలి.

‘టెన్షన్ పడకండి’ అన్న సలహాతో ఎవరి టెన్షనూ తగ్గదు. వారానికి 150 నిమిషాల చురుకైన నడక, మధ్యాహ్నం తర్వాత కాఫీ మానేయడం, రాత్రి మెలకువ వస్తే గడియారం చూడకుండా లేచి కాసేపు వేరే గదిలో కూర్చోవడం వంటివి చాలామందికి ఉపయోగపడతాయి. దడ వచ్చినప్పుడు నిమిషానికి ఆరుసార్ల చొప్పున నిదానంగా ఊపిరి తీసి వదలండి. వీటితో పాటు, పెరిగిన బాధ్యతల్లో ఏవి వేరొకరికి అప్పగించవచ్చో పై అధికారితో మాట్లాడటం కూడా వైద్యంలో భాగమే. కారణం అలాగే ఉంటే ప్రాణాయామం ఎంత చేసినా ఫలితం కొంతే.

ఇక మందుల సంగతి. మీ లక్షణాలకు మొదట కౌన్సెలింగ్, ముఖ్యంగా ఆలోచనల తీరును, అలవాట్లను మార్చే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ ప్రయత్నించడం మంచిది. సైకియాట్రిస్టు పరీక్షించి ఆందోళన వ్యాధి లేదా డిప్రెషన్ ఉందని నిర్ధారిస్తే మందులు రాస్తారు. అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది కాబట్టి నాలుగు రోజులకే గుణం లేదని వదిలేయకండి, తగ్గిందని ఒక్కసారిగా ఆపేయకండి. నిద్రమాత్రలను మాత్రం ఎవరో చెప్పారని సొంతంగా మొదలుపెట్టవద్దు. వాటిలో చాలావాటికి కొద్ది వారాల్లోనే శరీరం అలవాటు పడిపోతుంది.