రెండడుగుల ఉప్పునీటి తొట్టిలో ఏ చేప వేయాలి?

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

వేళచ్చేరి ఇంట్లో ఉప్పునీటి తొట్టి పెట్టావనీ, అందులోకి బ్లూ ట్యాంగ్ అనే నీలిరంగు సముద్రపు చేపను తేవాలనుకుంటున్నావనీ రాశావు. నీ ముచ్చటను కాదనను గానీ, ఆ చేప మాత్రం వద్దు.

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న నీ తొట్టిని అంచుదాకా నింపితే 56 లీటర్లు పడతాయి. ఇసుక, రాళ్లు వేశాక 45 లీటర్లు మిగిలితే గొప్ప. కొళత్తూరు చేపల దుకాణంలో పాలిథిన్ సంచిలో రెండు వేళ్ల పొడవున కనిపించే బ్లూ ట్యాంగ్ పూర్తిగా ఎదిగితే 30 సెంటీమీటర్ల దాకా వస్తుంది. నీ తొట్టి వెడల్పే అంత.

పదేళ్ల కిందట నేనూ ఒకటి తెచ్చాను. "తొట్టిని బట్టే చేప పెరుగుతుంది సార్" అన్న దుకాణదారు మాట నమ్మాను. ఇరుకులో చేప ఎదుగుదల కుంటుపడితే అది సర్దుకుపోవడం కాదు, జబ్బు పడడమని అప్పుడు నాకు తెలియదు. అది మూడుసార్లు తోక ఆడించేసరికి అద్దం ఎదురయ్యేది; వెనక్కి తిరిగేది, మళ్లీ అద్దం. నెల తిరిగేలోగా రెక్కల మీద ఉప్పురవ్వ చల్లినట్టు తెల్లటి చుక్కలు లేచి చనిపోయింది.

పైగా ఉప్పునీటిలో మంచినీటిలో కంటే ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది, నీరు వేడెక్కితే ఇంకా తగ్గుతుంది. మన చెన్నై మే నెలలో ఏసీ లేని గదిలో తొట్టి నీరు 30 డిగ్రీలు దాటడం మామూలే. ఫ్యాను పెడితే చల్లబడుతుంది గానీ నీరు ఆవిరై ఉప్పు మిగిలి, నీటి సాంద్రత ఉండాల్సిన 1.025 నుంచి పైకి పోతుంది కనుక, తగ్గినంత మేర ఆర్వో నీరు రోజూ కలపాలి. ఇంత చిన్న తొట్టిలో ప్రతి తప్పూ వెంటనే చేప మీద పడుతుంది.

నీకు తగినది ఒసెల్లారిస్ క్లౌన్ అనే చిన్న చేపల జత. సాధారణంగా బెత్తెడుకు మించి ఎదగదు. సముద్రంలో కూడా ఒక ఎనిమోనీని (పువ్వులా కనిపించే సముద్రజీవిని) అంటిపెట్టుకుని ఉండేదే గనుక ఈదడానికి దూరాలు అడగదు. రామేశ్వరం దగ్గరి మండపం ఊళ్లో ఉన్న కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం వారు వీటిని తొట్లలోనే పొదిగించి పెంచారు. అలా తొట్లలో పుట్టిన పిల్లలనే అడిగి తీసుకో. ఇవన్నీ మొదట మగవే, జతలో పెద్దది ఆడదిగా మారుతుంది. అందుకే ఒకటి పెద్దది, ఒకటి చిన్నది ఎంచుకుంటే పోట్లాట తక్కువ.

తోడుగా ఒక్క ఫైర్‌ఫిష్ చాలు. అది ఎగిరి బయట పడే రకం, కాబట్టి పైన వల మూత తప్పనిసరి. డామినో డామ్సెల్ చవక అని తెస్తే మిగతా చేపలను బతకనివ్వదు. మాండరిన్ చేప పొడవు బెత్తెడు లోపే అయినా, అది తినే కంటికి ఆనని పురుగులు చిన్న తొట్టిలో కొద్ది వారాల్లోనే ఖాళీ అయిపోతాయి. ఆ తర్వాత ఆకలితో చిక్కిపోతుంది.

తొట్టి పెట్టి ఇంకా రెండు వారాలే అయిందన్నావు. చేపల వ్యర్థాల్లోని విషాన్ని విరిచే సూక్ష్మజీవులు కొత్త తొట్టిలో కుదురుకోవడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నీటి పరీక్షలో ఆ విషాలు, అంటే అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించిన రోజు నాకు ఫోన్ చేయి. కొళత్తూరుకు ఇద్దరం కలిసి వెళ్దాం. కొనే ముందు దుకాణదారు చేత మేత వేయించి, చేప తింటోందో లేదో నా కళ్లతో చూడాలి.

ఇట్లు,
మీ మామయ్య